ఎక్కిస్తారా, ఎక్కనిస్తారా

పాతికేళ్ళు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పాను. అందులో ఓ ఎనిమిదేళ్ళు, తొంభైల చివర నుంచి, ఒక చెక్కపెట్టె వెంటేసుకుని గుంటూరు చుట్టుపక్కల హైస్కూళ్ళు తిరిగాను. మాది గుంటూరు శివార్లలో ఆడపిల్లల పాలిటెక్నిక్, ప్రైవేటుది. ఇప్పుడది లేదు. ఆ భవనంలో మిరపకాయల కోల్డ్ స్టోరేజి నడుస్తోంది. బస్సులో అటుగా వెళ్ళినప్పుడల్లా, కిటికీలు ఇటుకలతో మూసేసిన చివరి గది చూపించి, అది నా ల్యాబు అని పక్క సీటావిడకి చెబుతాను. ఆవిడ అప్పటికే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఉంటుంది, నా మాట వినిపించుకోదు.

పెట్టె సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో అందరికీ కంప్యూటర్ పిచ్చి. మా కాలేజీలో కంప్యూటర్ సీట్లకి సిఫార్సులు, ఎలక్ట్రికల్ సీట్లకి ఖాళీలు. మా ప్రిన్సిపాల్ ఓ రోజు నన్ను పిలిచి, "మేడం, ఇలాగే ఉంటే మీ బ్రాంచి ఎత్తేస్తారు. ఊళ్ళకి వెళ్ళండి, పిల్లల్ని పట్టుకురండి" అన్నాడు, సంతకెళ్ళి కోళ్ళని పట్టుకురమ్మన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. మండినా వెళ్ళాను. ఉపన్యాసాలివ్వడం నాకు చేతకాదు కాబట్టి ల్యాబులో మూలపడ్డ సామానంతా ఏరి పెట్టెలో సర్దాను. లోపలి చుట్లు కనిపించేలా కోసిన చిన్న మోటారు, ఒక స్టార్టరు, డజను పింగాణీ ఫ్యూజులు, టెస్టర్లు, బల్బు హోల్డర్లు, వెలగని సీరియల్ సెట్టు ఒకటి.

బడికి వెళ్ళగానే పెట్టె బల్ల మీద పెట్టి మూత తీసి, "ముట్టుకోండి" అనేదాన్ని. ఆ మాటకి ఆడపిల్లలు ముందు రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. కరెంటు సామాను ముట్టుకోవద్దని తప్ప ముట్టుకోమని అప్పటిదాకా వాళ్ళకెవరూ చెప్పలేదు. పావుగంటలో సర్దుకునేవాళ్ళు. అరగంట దాటాక నా టెస్టర్లు నాకు తిరిగొచ్చేవి కావు. ఫ్యూజు కట్టడం, హోల్డరు బిగించడం, మోటారు విప్పి మళ్ళీ పెట్టడం, బల్బు వెలిగితే కేకలు పెట్టడం, ఇంతే నా కార్యక్రమం. ఆ కేకలంటే నాకు ఇష్టం. వాటికోసమే తిరిగానేమో అని ఇప్పుడనిపిస్తుంది.

కేకలయ్యాక తండ్రుల వంతు. హెడ్మాస్టరు కబురు పెడితే ఓ పదిమంది వచ్చి గది వెనకాల భుజాన తువ్వాళ్ళతో నిలబడేవాళ్ళు. అంతా శ్రద్ధగా చూసేవాళ్ళు, పిల్ల బల్బు వెలిగిస్తే నవ్వుకునేవాళ్ళు. ఆఖర్న ఎవరో ఒకరు గొంతు సవరించుకుని అడిగేవారు.

"అంతా బానే ఉందండీ. ఇంతకీ స్తంభం ఎక్కిస్తారా?"

ఊరు మారినా ఈ ప్రశ్న మారేది కాదు. అడగడంలో తప్పు లేదు. ఊళ్ళో కరెంటు చదువు చదివిన మనిషి అంటే వాళ్ళకి తెలిసింది లైన్‌మనే. మిరప చేలు నీళ్ళు లేక వాడిపోతుంటే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే, ఊరంతా మెడలు పైకెత్తి ఎదురుచూసేది ఆయన కోసమే. ఆయన పైనుంచి కేకేస్తాడు, కింద ఒకడు తీగ అందిస్తాడు. కూతురు చదువయ్యాక అలా వేలాడుతుందేమోనని వాళ్ళ బెంగ.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఎక్కించరండీ. చచ్చినా ఎక్కించరు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. చీర మడత కూడా నలగదు." ఆ చీర మడత నేను సొంతంగా చేర్చిన ముక్క. అది చెప్పగానే తండ్రులు నవ్వేవాళ్ళు, దరఖాస్తు ఫారాలు తీసుకునేవాళ్ళు. బాగా పనిచేస్తోంది కదా అని ఊరూరా అదే వాడాను.

నిజానికి ఆ ప్రశ్న మా ఇంట్లోదే. నన్ను ఇంజనీరింగ్‌లో చేర్చిన రోజు మా నాన్న లెక్చరర్‌ని పక్కకి పిలిచి, "స్తంభం ఎక్కిస్తారా అండీ?" అని అడిగాడు. "ఆడపిల్లల్ని ఎక్కిస్తామా, భలేవారే" అని ఆయన నవ్వాడు. నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ పీల్చుకున్నాననే గుర్తు. మూడో ఏడు ఆ ప్రాక్టికల్ వచ్చింది. మగపిల్లలు ఒక్కొక్కరే ఎక్కి దిగుతుంటే, క్లాసులో ఉన్న ఇద్దరు ఆడపిల్లలం కింద నీడలో నిలబడి రికార్డులో బొమ్మ గీశాం. నా స్తంభం బొమ్మకి పదికి పది వేశారు. ఆ పది మార్కులతోనే తర్వాత ఇన్నేళ్ళు ఓవర్‌హెడ్ లైన్ల పాఠం సుద్దముక్కతో చెప్పుకొచ్చాను.

ఒక ఫిబ్రవరిలో నల్లపాడు దాటి ఇంకా లోపలికి, పత్తీ మిరపా పండే ఒక ఊరికి వెళ్ళాను. దారి పొడుగునా పత్తి కట్టె మోపులు, కల్లాల నిండా ఎండుతున్న మిరపకాయలు. బస్సులో దగ్గని మనిషి లేడు. ఆ బడిలో పదో తరగతి ఆడపిల్లలు ముప్పై మంది దాకా ఉన్నారు. ఫ్యూజులు పంచి, ఎలా కట్టాలో చూపించడానికి నేను తీగ తీసుకునేలోపే చివరి బెంచీలో ఒక పిల్ల కట్టేసింది. నల్లగా, సన్నగా ఉంది, జడ రిబ్బను వెలిసిపోయింది. ఫ్యూజు తీసుకుని చూశాను. తీగని మర బిగిసే వైపుకి చుట్టింది. మా రెండో సంవత్సరం పిల్లలు కూడా ఇక్కడ తప్పు చేస్తారు.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"ఎవరూ నేర్పలేదు మేడం. ఇటు గాక అటు చుడితే మర తిప్పేటప్పుడు ఊడొస్తది గదా."

సీరియల్ సెట్టు ఇచ్చాను. ఒక్కో బల్బూ కదిలించి చూసి, చెడిన బల్బు పట్టేసి, దాన్ని తప్పించి తీగలు కలిపింది. సెట్టంతా వెలిగింది. క్లాసు కేకలు పెట్టింది కానీ ఆ పిల్ల పెట్టలేదు.

"ఇదెక్కడ చూశావు?"

"మా చర్చి నక్షత్రానికి పెడతాం మేడం. ప్రతి ఏడూ ఏదో ఒకటి పోద్ది."

డిసెంబరు వస్తే ఈ ప్రాంతంలో ప్రతి చర్చి ముందూ పొడుగాటి వెదురు గెడ పాతి, దాని కొనకి లోపల దీపాలు వెలిగే కాగితం నక్షత్రం కడతారు. గెడ ఎంత పొడుగుంటే ఆ సంఘానికి అంత గొప్ప. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి ఇంకేమీ అడగలేదు. ఈ పిల్ల మా బ్రాంచిలో ఉండి తీరాలని మాత్రం అక్కడే అనుకున్నాను. నాకు సీటు నిండాలన్న గొడవ ఆ క్షణంలో గుర్తు లేదు. చేతిలో పనున్న పిల్ల కనిపిస్తే వదలబుద్ధి కాదు, అంతే.

తండ్రులొచ్చారు, అడగాల్సింది అడిగారు, నేను చీర మడత చెప్పాను, నవ్వారు. గంట కొట్టారు. పిల్లలంతా గోలగా బయటపడుతుంటే నేను పెట్టె సర్దుకుంటున్నాను. ఆ పిల్ల దగ్గరికొచ్చి, చిన్న గొంతుతో ఏదో అడిగింది. "స్తంభం ఎక్కిస్తారా మేడం?" అని నాకు వినిపించింది.

"లేదమ్మా, ఎక్కించరు. ఆడపిల్లల్ని అసలు దాని దగ్గరికే పంపరు. ఇందాక చెప్పాను కదా. నువ్వేం బెంగపెట్టుకోకు" అన్నాను, భుజం తట్టి ఫారం చేతిలో పెట్టాను. తలూపింది. ఫారం రెండుగా మడిచి పుస్తకంలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఒక పిల్ల భయం తీర్చానని గుంటూరు చేరేదాకా సంతోషంగానే ఉన్నాను.

నెల తర్వాత ఆ బడి సైన్సు టీచరు, ఆవిడా చర్చికెళ్ళే మనిషే, ఏదో పని మీద గుంటూరొచ్చి మా కాలేజీకి వచ్చింది. ఆ ఊళ్ళో ఇచ్చిన ఫారాల్లో తిరిగొచ్చింది ఒక్కటే, అదీ ఖాళీది. ఆ పిల్ల మడిచిన మడత మీదే ఉంది. "వాడని కాగితం ఉంచుకోకూడదని ఇచ్చేసిందండీ. ఎంత చెప్పినా ఎలక్ట్రికల్ వద్దంటది. ఏ చదువూ వద్దంట. పరీక్షలు కాగానే తల్లితో పాటు మిరపకాయలేరడానికి పోతానంటంది" అంది టీచరు.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. అంత చక్కగా ఫ్యూజు కట్టిన పిల్ల తాలుకాయలు ఏరుతానంటే ఎలా? ఫారాలకి ఇంకో వారమే గడువుంది. రెండో శనివారం సెలవు రోజున అదే ఫారం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఊరి చివర కల్లంలో ఉన్నారు తల్లీకూతుళ్ళు. ఎండిన మిరపకాయల రాశి ముందు గొంతుక్కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయల్ని వేరుచేస్తున్నారు. నేను వెళ్ళడంతోనే తుమ్ములు మొదలుపెట్టాను. తల్లి లేచి చెంబుతో నీళ్ళిచ్చి, "కళ్ళు తుడుచుకోమాకండి మేడం గారూ, చేతులకి అంటుకునుంటది" అంది. ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. తండ్రి ఒంగోలు వైపు గ్రానైటు క్వారీలో పనిచేస్తాడని, నెలకోసారి వస్తాడని, పిల్ల సంగతులన్నీ తానే చూసుకుంటానని చెప్పింది. కూతురు తల వంచుకుని కాయలేరుతూనే ఉంది.

"ఎందుకు వద్దంటోందమ్మా? ఆ పిల్ల చేతిలో మంచి పనుంది" అన్నాను.

"మీరే గదండీ ఎక్కనియ్యరని చెప్పారంట."

"ఎక్కించరనే చెప్పాను. భయపడొద్దనే చెప్పాను."

"బయ్యమా? దానికా?" తల్లి నవ్వింది. నవ్వు చప్పున ఆగింది. "మేడం గారూ, మా చర్చి నక్షత్రం పదేళ్ళప్పట్నుంచీ అదే కట్టేది. గెడ పాతినాక మగోళ్ళు కింద పట్టుకునేవాళ్ళు, ఇది సరసరా పోయి కట్టొచ్చేది. రెండేళ్ళ కింద పెద్దమనిషయ్యింది. అప్పట్నుంచీ సంగపోళ్ళు ఎక్కనియ్యట్లా. పెద్దపిల్ల పైకెక్కితే బాగుండదంట. రెండేళ్ళు ఏడిసింది. మీరొచ్చిన రోజు ఇంటికొచ్చి, అమా, కరెంటు చదువులో అయినా ఎక్కనిస్తారా అని అడిగా, ఎక్కనియ్యరంట అని చెప్పి, మళ్ళా ఆ మాటెత్తలేదు."

నేను పప్పులో కాలేశాను. ఆ పిల్ల అడిగింది "ఎక్కనిస్తారా" అని. నేను విన్నది "ఎక్కిస్తారా" అని. మధ్యలో ఒక్క అక్షరం, "ని". అన్నేళ్ళలో నన్నడిగిన వాళ్ళెవరూ ఆ అక్షరం పెట్టి అడగలేదు. అందుకని ఒకరు పెట్టి అడిగినా నా చెవి తీసిపారేసింది. పైగా భుజం తట్టి మరీ చెప్పాను, దాని దగ్గరికే పంపరని. అక్కడ నిలబడి ఉండగానే నాకు తల కొట్టేసినట్టయింది.

పిల్ల అప్పుడు తలెత్తింది.

"మీరెక్కారా మేడం?"

"లేదు."

"ఎక్కనివ్వలేదా?"

"నేను అడగలేదు" అన్నాను. అది నిజం. ఎవరూ నన్ను ఎక్కొద్దని చెయ్యి పట్టుకుని లాగలేదు. ఎక్కుతానని నేనూ అనలేదు. నీడలో నిలబడి బొమ్మ గీశాను.

నేను మామూలుగా మాటివ్వను. ఇస్తే నిలబెట్టుకోవాలి, అదో తద్దినం. ఆ రోజు ఇచ్చాను. "చేరు. ఎక్కనిస్తాను" అన్నాను. ఆ పిల్ల నా వంక కాసేపు చూసి, లేచి వెళ్ళి చేతులు కడుక్కొచ్చింది. మిరపకాయల బస్తా మీద ఫారం పెట్టి నింపాం. రెండుసార్లు కడిగినా ఫారం అంచున ఎర్రగా వేలిముద్ర పడింది.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకే వచ్చింది. చేరింది. హాస్టల్లో ఉండేది. మా కాలేజీ వెనకాల నిజంగానే ఒక సిమెంటు స్తంభం ఉండేది. తనిఖీకి వచ్చే వాళ్ళకి చూపించాలని కట్టినప్పుడే పాతారు. పైన అడ్డ కమ్మీ, తీగలు కట్టడానికి మూడు పింగాణీ కప్పులు, తీగ లేదు. దానికీ ప్రహరీ గోడకీ తాడు కట్టి వాచ్‌మన్ భార్య బట్టలారేసుకునేది. ఇన్నేళ్ళలో దాన్ని ఇంకో పనికి వాడగా నేను చూడలేదు.

ప్రిన్సిపాల్‌ని అడిగాను. "వానలు మేడం, జారతారు" అన్నాడు. వానలు వెనకబట్టాక అడిగాను. "పరీక్షలు కానివ్వండి" అన్నాడు. పరీక్షలయ్యాక అడిగితే అసలు మాట బయటపడింది. "ఆడపిల్లలండీ. జరగకూడనిది జరిగితే కాలేజీ మూసుకోవాలి. సిలబస్‌లో ఉంది కాబట్టి బొమ్మ గీయించండి, మార్కులు వేయండి." ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకి జ్వరమొస్తే తన స్కూటర్ మీద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే మనిషి. ఆ మంచితనమే నాకు అడ్డమొచ్చింది.

ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి సరిపెట్టేదాన్ని. ల్యాబు నుంచి మెస్‌కి పోతూ స్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, వెళ్ళిపోయేది. క్రిస్మస్ సెలవుల నుంచి తిరిగొచ్చాక నేనే అడిగాను, ఈసారి నక్షత్రం ఎవరు కట్టారని.

"ఎవరో కట్టారు మేడం. వంకరగా ఉంది" అంది.

ఆ జవాబు నన్ను నెల రోజులు తినేసింది. ఫిబ్రవరిలో ప్రిన్సిపాల్ ఏదో మీటింగుకి ఒంగోలు వెళ్తున్నాడని తెలిసింది. ముందు రోజే మా కాలేజీ ఉన్న పేట లైన్‌మన్ దగ్గరికి వెళ్ళి, నిచ్చెన, నడుముకి కట్టుకునే బెల్టు, వాటితో పాటు ఆయన్ని కూడా అరువడిగాను. ఆయన కాసేపు తల గోక్కుని, "నేను దగ్గరుంటే సరే మేడం" అన్నాడు.

పొద్దున్నే వాచ్‌మన్ భార్య తాడు విప్పించి, ఆరిన బట్టలు మడిచి ఆవిడ గుమ్మంలో పెట్టాను. లైన్‌మన్ నిచ్చెన వేసి స్తంభానికి కట్టాడు. ముందు నేనెక్కాలని అనుకున్నాను. చీర మీద వర్క్‌షాపు ఖాకీ కోటు తొడుక్కుని, కుచ్చిళ్ళు పైకి దోపుకుని మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో మెట్టు మీద ఆగాను. కిందికి చూశాను, చూడకుండా ఉండాల్సింది. నేల పెద్ద దూరం లేదు, అయినా ఐదో మెట్టు మీదికి నా కాలు వెళ్ళనంది. లైన్‌మన్ మర్యాదస్తుడు, వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు. దిగిపోయి, కోటు విప్పి ఆ పిల్లకిచ్చాను.

జడ కోటు లోపలికి దోపుకుంది. లైన్‌మన్ బెల్టు రెండుసార్లు లాగి చూశాడు. ఎక్కడం మొదలుపెట్టాక ఆ పిల్ల మళ్ళీ ఆగలేదు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఇరవయ్యేళ్ళ క్రితం కూడా కిందే ఉన్నాను, కాకపోతే అప్పుడు చేతిలో పెన్సిలుండేది. ఈ పిల్లకేమన్నా అయితే ఆ కల్లంలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్తానని ఒకటే భయం. ప్రిన్సిపాల్ మూడుసార్లు ఎందుకు వద్దన్నాడో ఆ కాసేపట్లో పూర్తిగా అర్థమైంది.

పైకెళ్ళి బెల్టు చుట్టి, పింగాణీ కప్పుకి తీగ కట్టింది. కమ్మీ మీద ఉన్న పాత కాకిగూడు తీసి కింద పడేసింది. పని అయ్యాక కేకేసింది.

"మేడం, కల్లాలు కనబడతన్నయ్! అన్నీ ఎర్రగా!"

"చూసింది చాల్లే, దిగు పాపా" అన్నాడు లైన్‌మన్.

ఏడాది క్రితం బల్బులన్నీ వెలిగినప్పుడు కేక పెట్టని పిల్ల ఇప్పుడు పెట్టింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. లైన్‌మన్ చూడకుండా తుడుచుకున్నాను.

సంగతి ప్రిన్సిపాల్‌కి తెల్లారేసరికి తెలిసింది, నా వల్లా కాదు, పిల్లల వల్లా కాదు. బట్టల తాడు ఎవరి అనుమతితో విప్పారని వాచ్‌మన్ భార్య ఫిర్యాదు చేసింది. నన్ను పిలిచాడు.

"ఎవరినడిగి ఎక్కించారు మేడం?"

"మిమ్మల్నే అడిగాను. మూడుసార్లు."

ఆయన ముఖం కందిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు. "పిల్ల తల్లిని పిలిపిస్తున్నాను. ఆవిడకి దాచకుండా చెప్పడం నా ధర్మం. ఆవిడ తప్పన్నదా, అమ్మాయిని మీ బ్రాంచి నుంచి మార్చేస్తాను. మీ సంగతి మేనేజిమెంటు చూసుకుంటుంది" అన్నాడు. సరేనన్నాను. అనక చేసేదేముంది? ఆ పిల్ల ముఖం చూడలేక ఆ రోజు క్లాసుకి కూడా వెళ్ళలేదు. నా ఉద్యోగం గురించి కంటే, ఒక్కసారి ఎక్కిన పిల్లని మళ్ళీ దించేస్తారేమోనని ఎక్కువ బెంగగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి తల్లి వచ్చింది. ఉతికిన చీరే కట్టుకుంది, అయినా ఆఫీసు గదిలో మిరప ఘాటు తెలిసింది. ఎందుకు పిలిచారో కబురు తెచ్చినవాడు చెప్పలేదట. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"కంగారుపడకమ్మా, మీ అమ్మాయికేం కాలేదు" అన్నాడు ప్రిన్సిపాల్. "విషయం ఏమిటంటే, నేను లేనప్పుడు ఈ మేడం మీ అమ్మాయిని స్తంభం ఎక్కించారు."

తల్లి నా వైపు తిరిగింది. "ఎక్కనిచ్చారా?" అంది.

ప్రిన్సిపాల్‌కి అది "ఎక్కిచ్చారా" అని వినిపించింది. ఆ చెవి నాకు బాగా తెలిసిన చెవి. "అవునమ్మా, ఎక్కించారు. తప్పే. ఇంకెప్పుడూ ఎక్కించరు, నాదీ పూచీ. నువ్వేం బెంగపెట్టుకోకు" అన్నాడు, సరిగ్గా నేనన్న మాటలే, అదే ఊరడింపు గొంతుతో.

తల్లి ముఖంలో అప్పుడే వచ్చిన వెలుగు పోయింది. ఆయన వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

"ఇంకెందుకండీ ఎక్కనియ్యరు? సరిగ్గా కట్టలేదా మా పిల్ల?"

ప్రిన్సిపాల్ ఏదో చెప్పబోయి ఆగాడు. ఆ "ని" ఆయనకి అప్పుడు వినపడింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"సరిగ్గానే కట్టిందమ్మా" అన్నాను నేను. "చాలా బాగా కట్టింది."

"పైదాకా పోయిందా?"

"పైదాకా పోయింది. కల్లాలు కనబడుతున్నాయని కేక కూడా పెట్టింది."

తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ స్తంభం ఎక్కడుందో చూస్తానంది. నేను దారి చూపించాను. ప్రిన్సిపాల్ కూడా లేచి మా వెనకాలే వచ్చాడు. స్తంభానికి మళ్ళీ తాడు కట్టేసి ఉంది, దాని మీద రెండు చీరలు, ఒక దుప్పటి ఆరుతున్నాయి. తల్లి దుప్పటి కింది నుంచి వంగి వెళ్ళి, స్తంభం మీద అరచెయ్యి పెట్టి, మెడ పూర్తిగా వెనక్కి వంచి పైకి చూసింది. కూతురు కట్టిన తీగ కప్పు దగ్గర కొత్తగా మెరుస్తోంది.

"మా నక్షత్రం గెడంత కూడా లేదండీ" అంది.

ప్రిన్సిపాల్ కాసేపు తనూ పైకి చూశాడు. తర్వాత వాచ్‌మన్ భార్యని పిలిచి, ఆ తాడు అక్కడినుంచి విప్పేసి ఇంకెక్కడైనా కట్టుకోమన్నాడు.